మెడికల్ షాపులో ఫ్లూ టీకా: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. నెలనెలా బీపీ, షుగరు మాత్రలకు వచ్చేవాళ్ళు, ఉద్దానం నుంచి కిడ్నీ మందులకు వచ్చేవాళ్ళు, కోడలికి ఐరన్ మాత్రలు తీసుకెళ్ళే అత్తగార్లు కౌంటర్ దగ్గర అడిగే ప్రశ్నలు, వాళ్ళకు నేను చెప్పే జవాబులు ఇవి. మీ ఒంటి సంగతి తెలిసిన డాక్టరు వేరే మాట చెబితే ఆ మాటే వినండి.

మెడికల్ షాపులోనే ఫ్లూ సూది వేయించుకోవచ్చా?

ఇప్పటికైతే లేదు. డాక్టరు రాసిన చీటీ ఉంటే షాపులో టీకా కొనుక్కోవచ్చు. వేయాల్సింది మాత్రం డాక్టరు, లేదా ఆయన పర్యవేక్షణలో నర్సు. మందు ఇవ్వడం, దాన్ని ఎలా వాడాలో వివరంగా చెప్పడం ఫార్మసిస్టు పని. 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు కూడా రోగికి సలహా చెప్పడాన్ని మా బాధ్యతగానే చూశాయి. టీకా వేసే అధికారం మాత్రం మాకు లేదు.

"ఎన్నేళ్ళ నుంచో చూస్తున్న మనిషివి, ఒక్క సూదే కదా, వేసెయ్ బాబూ" అని పెద్దవాళ్ళు చనువుగా అడుగుతారు. నేను వేయను. ఫ్లూ టీకాతో ప్రాణం మీదకు వచ్చే అలర్జీ చాలా అరుదు, పది లక్షల డోసుల్లో ఒకరికి వచ్చేంత అరుదు. కానీ ఆ ఒక్కరు ఎవరో ముందుగా తెలియదు. అప్పుడు నిమిషాల్లో అడ్రినలిన్ ఇంజెక్షన్ పడాలి, ఊపిరి, బీపీ చూసే మనిషి పక్కనే ఉండాలి. అందుకే టీకా వేశాక 15 నుంచి 30 నిమిషాలు అక్కడే కూర్చోమంటారు. ఆ ఏర్పాటు లేని చోట, ఎంత తెలిసినవాళ్ళయినా, వేయించుకోకండి.

మా అబ్బాయి ఇంగ్లండులో ఉన్నాడు. అక్కడ మందుల షాపులోనే వేశారన్నాడు, నిజమేనా?

నిజమే. ఇంగ్లండులో 2015 నుంచి ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్ డబ్బుతోనే ఊళ్ళలోని ఫార్మసీలు ఫ్లూ టీకా వేస్తున్నాయి. పెద్ద వయసువాళ్ళకు, గర్భిణులకు, షుగరు, ఆస్తమా, గుండెజబ్బు లాంటివి ఉన్నవాళ్ళకు ఉచితం. ఐర్లాండులో 2011లో మొదలైంది. ఫ్రాన్సులో 2017లో కొన్ని ప్రాంతాల్లో ప్రయోగంగా పెట్టి, 2019లో దేశమంతా తెచ్చారు. అమెరికాలో 2009 నాటికి అన్ని రాష్ట్రాలూ ఫార్మసిస్టులకు ఈ అనుమతి ఇచ్చాయి.

అయితే అక్కడ కౌంటర్ మీద నుంచి చెయ్యి చాపి వేసెయ్యరు. ఫార్మసిస్టు దానికోసం విడిగా శిక్షణ తీసుకుంటాడు: సూది ఎక్కడ, ఏ లోతులో వేయాలి, అలర్జీ వస్తే ఏం చేయాలి, ఊపిరి ఆగితే గుండె ఎలా నొక్కాలి. షాపులో తలుపు వేసుకునే చిన్న గది ఉంటుంది. ఎవరికి వేయొచ్చు, ఎవరికి వేయకూడదు అన్నది రాతపూర్వకంగా ఉంటుంది. వేసినట్టు ఆ మనిషి డాక్టరుకు కబురు వెళ్తుంది. మీ అబ్బాయికి అయిదు నిమిషాల్లో అయిపోయిన పని వెనక ఇంత ఉంది.

మరి మన దగ్గర అలాంటిది రావాలంటారా?

రావాలనే నా కోరిక.

టీకా ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళు డాక్టరుకు ఏడాదికి ఒకటి రెండుసార్లు కనిపిస్తారేమో. మాకు నెలనెలా కనిపిస్తారు. ఆమదాలవలస నుంచి, నరసన్నపేట నుంచి బస్సెక్కి వచ్చి మాత్రలు తీసుకెళ్ళే అరవై ఏళ్ళ ఆయనకు టీకా కోసం మరో రోజు రమ్మంటే ఆ రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ, డాక్టరు ఫీజు, మళ్ళీ సూది వేసినందుకు ఇంకొంత. "చూద్దాంలే" అని వెళ్ళిపోతాడు. ఆయన మళ్ళీ రాడు. అడిగేవాళ్ళు లేరని చిన్న క్లినిక్కులు టీకా తెచ్చి పెట్టుకోవు. చీటీలు రావడం లేదని షాపులూ తెప్పించవు. దొరకదు కాబట్టి డాక్టరూ రాయరు. ఈ చిక్కుముడి ఎక్కడో ఒకచోట విప్పాలి. షాపులోనే వేసే పద్ధతి ఉంటే, టీకా ఫ్రిజ్ లోంచి తీసిన నిమిషంలో భుజంలోకి వెళ్తుంది. ఇప్పుడు మనం చేస్తున్నట్టు ఎండలో సంచిలో పెట్టుకుని ఊరు దాటాల్సిన పని ఉండదు.

డాక్టర్లు దీన్ని సందేహంగా చూస్తే వాళ్ళను తప్పుపట్టను. మా వృత్తిలో సర్దుకోవాల్సినది ఉంది. సర్టిఫికెట్ గోడ మీద వేలాడుతుంటుంది, ఆ సర్టిఫికెట్ గల మనిషి షాపులో ఉండడు. అలాంటి షాపుకు సూది అప్పజెప్పమని నేనే అడగను. ముందు ఫార్మసిస్టు షాపు తెరిచి ఉన్నంతసేపూ అక్కడ ఉండాలి. శిక్షణ, గది, అడ్రినలిన్, ఉష్ణోగ్రత రాసే పుస్తకం, దగ్గర్లో పిలిస్తే వచ్చే డాక్టరు ఉన్న షాపుకే అనుమతి ఇవ్వాలి. మొదట పెద్దవాళ్ళకు మాత్రమే, ఫ్లూ టీకా ఒక్కటే, శ్రీకాకుళం, విజయనగరం లాంటి జిల్లా కేంద్రాల్లో కొన్ని షాపులతో మొదలుపెడితే చాలు. ఆరేళ్ళు చదివే ఫార్మ్.డి కోర్సు మన దేశంలో 2008 నుంచి ఉంది. ఆ చదువు చదివిన పిల్లలకు ఊళ్ళో చేయడానికి తగిన పని లేక హైదరాబాదు ఉద్యోగాలకు వెళ్ళిపోతున్నారు. ఈ పనికి సరిపోయినవాళ్ళు వాళ్ళే.

ఫ్లూ అంటే రొంపే కదా? దానికి ఇంత టీకా ఎందుకు?

రొంప మెల్లగా పట్టుకుంటుంది, ముక్కు కారుతుంది, పనికి వెళ్తూనే తగ్గించుకుంటాం. ఫ్లూ అలా కాదు. పొద్దున బాగున్న మనిషి సాయంత్రానికి మంచం పడతాడు. వణుకుతో జ్వరం, తలపోటు, ఒళ్ళంతా నొప్పులు, పొడి దగ్గు. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ళ కుర్రాడు వారంలో లేస్తాడు. షుగరు, గుండెజబ్బు, ఆయాసం ఉన్నవాళ్ళలో అది న్యుమోనియా దాకా వెళ్ళొచ్చు. 2009లో అందరినీ భయపెట్టిన స్వైన్ ఫ్లూ ఎక్కడికీ పోలేదు. ఆ హెచ్1ఎన్1 రకమే ఇప్పుడు ఏటా వచ్చే మామూలు ఫ్లూలలో ఒకటిగా తిరుగుతోంది.

మరి టీకా వేయించుకుంటే ఫ్లూ అసలు రాదా?

రాదని హామీ లేదు. టీకాలోని రకాలు, ఆ ఏడు తిరుగుతున్న రకాలు బాగా కలిస్తే, ఫ్లూతో డాక్టరు దగ్గరకు వెళ్ళాల్సిన అవసరం 40 నుంచి 60 శాతం తగ్గుతుంది. వచ్చినా ఆసుపత్రిలో చేరేంత ముదిరే అవకాశం తక్కువ. పెద్ద వయసువాళ్ళకు ఈ రెండో మాటే ముఖ్యం.

ఎవరు తప్పకుండా వేయించుకోవాలి?

అరవై అయిదు దాటినవాళ్ళు, గర్భిణులు, షుగరు, గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీ, కాలేయం జబ్బులు ఉన్నవాళ్ళు, క్యాన్సర్ మందులో స్టెరాయిడ్లో వాడుతున్నవాళ్ళు, చిన్న పిల్లలు. ఆసుపత్రిలో పనిచేసే నర్సులు, ల్యాబ్ వాళ్ళు, ఆశా కార్యకర్తలు. మంచాన ఉన్న పెద్దవాళ్ళను చూసుకునే ఇంట్లోవాళ్ళు కూడా. వాళ్ళ సంగతి ఎవరూ తలవరు.

మాది కవిటి. మా నాన్నకు డయాలసిస్ జరుగుతోంది. ఆయనకు వేయించొచ్చా?

వేయించాలి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళను పట్టిందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకు రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. డయాలసిస్ సెంటరులో వారానికి రెండు మూడుసార్లు నలుగురి మధ్య గంటల తరబడి పడుకుంటారు. ఫ్లూ అంటుకోవడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. మీ డయాలసిస్ డాక్టరును ఈసారి వెళ్ళినప్పుడే అడగండి.

డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులా ఉంటే, ఆ చేతికి సూది వేయించకండి, రెండో చేతికి వేయమని ముందే చెప్పండి. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కాబట్టి ఏ రోజు వేయించాలో కూడా అక్కడే కనుక్కోండి. వేశాక ఆ చోట కనీసం రెండు నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకోవాలి, రుద్దకూడదు. రక్తం పలచబడే మాత్రలు వాడే గుండె రోగులకూ ఇదే మాట.

ఇంకోటి, ఇది టీకా కన్నా ముఖ్యమని చెప్పినా తప్పులేదు. ఫ్లూ వచ్చినా, టీకా తర్వాత ఒళ్ళు నొప్పులు వచ్చినా, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలు సొంతంగా వేసుకోకూడదు. మిగిలిన కాస్త కిడ్నీ కూడా వాటితో పోతుంది. జ్వరానికి పారాసిటమాల్, అదీ డాక్టరు చెప్పిన మోతాదులో. ఏ షాపుకు వెళ్ళినా "కిడ్నీ పేషెంటు" అన్న మాట మొదట చెప్పండి, తర్వాతే మందు అడగండి.

ఏ నెలలో వేయించుకోవాలి?

మన దేశంలో ఫ్లూ రెండుసార్లు ఎక్కువవుతుంది. వానాకాలంలో, అది వెళ్ళేటప్పుడు ఒకసారి. జనవరి నుంచి మార్చి మధ్యలో మరోసారి. సూది వేసిన రెండు వారాలకు గాని రక్షణ రాదు. కాబట్టి జూన్‌లో వానలు పట్టేలోపు వేయించుకుంటే మంచిది. ఆ సమయం దాటిపోతే సెప్టెంబరులోనైనా పర్వాలేదు. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి, రథసప్తమికి అరసవల్లికి వచ్చే జనం, సంక్రాంతికి హైదరాబాదు, చెన్నై రైళ్ళు కిక్కిరిసి దిగే మనవాళ్ళు, ఇవన్నీ ఫ్లూ చేతులు మారే సందర్భాలే. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే పండక్కి రెండు వారాల ముందు టీకా పడేలా చూసుకోండి.

పోయినేడు వేయించుకున్నాం కదా, మళ్ళీ ఎందుకు?

వైరస్ రూపు మారుస్తూ ఉంటుంది, ఒంట్లో రక్షణ కూడా నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి, ఏ రకాలు పెట్టాలో చెబుతుంది. కంపెనీలు దాని ప్రకారం కొత్తగా తయారుచేస్తాయి. అందుకే బాక్సు మీద ఏ సీజన్ అని ఉందో చూసి కొనండి. గడువు తేదీ ఒక్కటే చూస్తే సరిపోదు.

టీకా నాలుగు రకాల ఫ్లూ వైరస్‌లకు పనిచేసేదా, మూడు రకాలకు పనిచేసేదా అని కూడా అడుగుతుంటారు. నాలుగో రకమైన బి/యమగాటా వైరస్ 2020 మార్చి తర్వాత ప్రపంచంలో కనిపించలేదు. కాబట్టి మూడు రకాలది దొరికితే తక్కువదేమో అని వెనక్కి తిప్పకండి.

షాపులో కొన్న టీకాను డాక్టరు దగ్గరకు ఎలా తీసుకెళ్ళాలి?

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

ఫ్లూ టీకా ఎప్పుడూ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడెక్కితే శక్తి తగ్గుతుంది. గడ్డకడితే పూర్తిగా పనికిరాదు, మళ్ళీ కరిగించినా లాభం లేదు. వేడికి అందరూ భయపడతారు, గడ్డకట్టడం గురించి ఆలోచించరు. ఫ్రీజర్ లోంచి అప్పుడే తీసిన ఐస్ ప్యాక్‌కు టీకాను ఆనించి పెట్టి తీసుకెళ్తే, దారిలోనే అది గడ్డకట్టొచ్చు. ఐస్ ప్యాక్‌ను బయట కాసేపు ఉంచి, ఊపితే లోపల నీళ్ళు కదిలే దాకా ఆగాలి. టీకా బాక్సుకు, ఐస్‌కు మధ్య గుడ్డో అట్టో ఉండాలి. ధర్మాకోల్ డబ్బా అయితే మంచిది. బండి డిక్కీలో, చొక్కా జేబులో వద్దు.

అసలు మంచి పద్ధతి ఇంకోటి ఉంది. ముందు డాక్టరు దగ్గర సమయం తీసుకోండి. చీటీ తీసుకుని, సూది వేసే ముందు మాత్రమే షాపుకు వచ్చి పట్టుకెళ్ళండి. ఇంటికి తీసుకెళ్ళి రేపు వేయించుకుందాం అనుకోవద్దు. ఇంట్లో ఫ్రిజ్ తలుపు పదిమంది తీస్తారు. తలుపు అరలో వేడి, ఫ్రీజర్ కింద అతి చల్లదనం. పల్లెలో ఉంటే, చీటీ, టీకా, సూది మూడూ ఒకే పూట అయ్యేలా టౌన్‌కు వచ్చే రోజు చూసుకోండి.

కరెంటు పోతే షాపులో టీకాలు పాడవవా?

జాగ్రత్త తీసుకోకపోతే పాడవుతాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. కొబ్బరి, జీడి తోటలు పడిపోయిన సంగతి అందరికీ గుర్తుంది. ఫ్రిజ్‌లో ఉండాల్సిన ఇన్సులిన్లు, టీకాలు ఏమయ్యాయో ఎవరూ అడగలేదు. అక్టోబరు, నవంబరు మన తీరానికి తుపానుల కాలం. ఫ్లూ టీకా అడిగేవాళ్ళు పెరిగేదీ అప్పుడే.

కాబట్టి షాపులో ఈ మాటలు అడగడానికి మొహమాటపడకండి. ఫ్రిజ్‌లో థర్మామీటర్ ఉందా? రోజుకు రెండుసార్లు ఉష్ణోగ్రత రాస్తున్నారా? కరెంటు పోతే ఇన్వర్టర్ ఉందా? ఆ పుస్తకం చూపించమనండి. సరిగా పెట్టుకున్నవాడు సంతోషంగా చూపిస్తాడు. ఎంతసేపు బయట ఉందో తెలియని టీకాను వేయించుకోవద్దు, ఎంత తక్కువకు ఇచ్చినా సరే. బిల్లు తీసుకోండి, అందులో బ్యాచ్ నంబరు ఉండాలి.

మా ఊరి ఆర్ఎంపీ గారు వేస్తానంటున్నారు.

అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది ఆయనే, ఆ రుణం ఊరికి ఉంది. టీకా మాత్రం అలర్జీ వస్తే చూసుకునే ఏర్పాటు ఉన్న చోట, అర్హత ఉన్న డాక్టరు ఉన్న చోటే వేయించుకోండి.

సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా వేస్తారా?

పిల్లలకు వేసే జాతీయ టీకాల పట్టికలో ఫ్లూ టీకా లేదు. అందుకే సచివాలయం ఏఎన్ఎం గారి దగ్గర పోలియో చుక్కల్లా ఇది దొరకదు. ఎక్కువమంది సొంత డబ్బుతోనే కొనుక్కోవాల్సి వస్తోంది. ఎక్కువ బ్రాండ్లు వెయ్యి రూపాయలు దాటే ఉంటాయి. జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే మనిషికి అది చిన్న మొత్తం కాదు. కనీసం డయాలసిస్ రోగులకైనా ప్రభుత్వం ఉచితంగా వేయించాలి. అడగడానికి మన జిల్లాకు ఉన్నంత కారణం ఇంకెవరికీ లేదు.

ఇంట్లో అందరికీ కొనలేకపోతే, ముందు జబ్బున్న పెద్దాయనకు, గర్భిణికి వేయించండి.

గర్భిణికి సురక్షితమేనా?

సూదితో వేసే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉండదు. గర్భంతో ఉన్నప్పుడు ఏ నెలలోనైనా ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏ నెలలో అన్నది మీ డాక్టరమ్మను అడగండి. ఆరు నెలలు నిండని పసిబిడ్డకు ఈ టీకా వేయరు. తల్లి వేయించుకుంటే ఆమె రక్తం నుంచి వచ్చిన రక్షణే ఆ బిడ్డను మొదటి నెలల్లో కాపాడుతుంది. "కడుపుతో ఉన్న పిల్లకు సూదులెందుకు" అనే అత్తగారికి ఈ ఒక్క మాట చెప్పి చూడండి, ఆవిడే దగ్గరుండి తీసుకెళ్తుంది. ముక్కులో కొట్టే రకం మాత్రం బతికున్న వైరస్‌తో చేసింది, గర్భిణులకు వద్దు.

పిల్లలకు?

ఆరు నెలలు నిండాక వేయొచ్చు. తొమ్మిదేళ్ళ లోపు పిల్లలకు మొదటి ఏడాది నెల తేడాతో రెండు డోసులు కావాలి, ఆ తర్వాత ఏడాదికి ఒకటి. పిల్లలకు ఫ్లూ జ్వరం వస్తే ఆస్పిరిన్ ఇవ్వకండి.

టీకా వేశాకే జ్వరం వచ్చింది. దాని వల్లే ఫ్లూ వచ్చినట్టా?

కాదు. చచ్చిన వైరస్ ముక్కలు జబ్బు తేలేవు. భుజం నొప్పి, కొంచెం జ్వరం, నీరసం ఒకటి రెండు రోజులు ఉండొచ్చు. రక్షణ రావడానికి పట్టే ఆ రెండు వారాల్లో బయట నుంచి ఫ్లూ అంటుకుంటే, నింద టీకా మీద పడుతుంది. మూడు రోజులకు మించి జ్వరం ఉన్నా, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చినా, మొహం వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఎవరు వేయించుకోకూడదు?

ఇంతకుముందు ఫ్లూ టీకాకే తీవ్రమైన అలర్జీ వచ్చినవాళ్ళు. టీకా వేసిన ఆరు వారాల్లోపు గులియన్ బారే అనే కాళ్ళు చేతులు చచ్చుబడే జబ్బు వచ్చిన చరిత్ర ఉన్నవాళ్ళు డాక్టరుతో మాట్లాడకుండా వేయించుకోవద్దు. గట్టి జ్వరంతో ఉంటే తగ్గాక రండి. మామూలు రొంప అడ్డం కాదు. గుడ్డు పడనివాళ్ళు ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, ఇప్పుడు చాలా దేశాల్లో దాన్ని అడ్డంగా చూడటం లేదు.

ఇప్పటికే జ్వరం, ఒళ్ళు నొప్పులు. ఏదైనా యాంటీబయాటిక్ ఇవ్వండి.

ఇవ్వను. ఫ్లూ వైరస్ జబ్బు, యాంటీబయాటిక్ దాన్ని ముట్టుకోదు. ఫ్లూకు ఒసెల్టమివిర్ అనే మందు ఉంది, లక్షణాలు మొదలైన 48 గంటల్లో వేసుకుంటే బాగా పనిచేస్తుంది. అది డాక్టరు రాయాలి, కిడ్నీ రోగులకు మోతాదు తగ్గించాలి. కాబట్టి షుగరు, కిడ్నీ, గర్భం, పెద్ద వయసు ఉన్నవాళ్ళు "రెండు రోజులు చూద్దాం" అనకుండా మొదటి రోజే చూపించుకోండి. ఆయాసం, ఛాతీ నొప్పి, మగత, పెదాలు నీలం తిరగడం, మూత్రం తగ్గిపోవడం, తగ్గిన జ్వరం మళ్ళీ ఎక్కువగా తిరగబెట్టడం కనిపిస్తే షాపుకు రావద్దు, 108కి ఫోన్ చేయండి.

వేయించుకున్నాక ఏం దాచుకోవాలి?

మీ బీపీ, షుగరు రాసుకునే పుస్తకంలోనే తేదీ, బ్రాండ్ పేరు, బ్యాచ్ నంబరు, ఏ చేతికి వేశారో రాయించుకోండి. టీకా సిరంజి మీద ఊడొచ్చే స్టిక్కర్ ఉంటే అది అంటించుకుంటే చాలు. వచ్చే ఏడు మాత్రలకు వచ్చినప్పుడు ఆ పుస్తకం తెండి, ఎప్పుడు మళ్ళీ వేయించుకోవాలో షాపులోనే చూసి చెబుతాం.